దూరపు వాడుకకు హద్దులు: ఎగుమతి నియంత్రణపై ఒక పరిశీలన

దేశ రక్షణకు భంగము కలిగించగల సామగ్రిని ప్రభుత్వ అనుమతి లేక పరదేశములకు పంపరాదని శాసించుటయే ఎగుమతి నియంత్రణ. పూర్వము ఇది ఓడరేవులలోని పని. అధికారి పెట్టె తెరిపించి, సరకు చూచి, ముద్ర వేసెడివాడు. నేడు కంప్యూటరు ఉన్నచోటనే ఉండును. దాని శక్తి మాత్రము తీగలద్వారా సముద్రములు దాటును. ఇట్టి వాడుకను కూడ ఎగుమతిగా పరిగణింపవలెనా? ఈ ప్రశ్ననే మనము ఇచ్చట పరిశీలింతము.

మన ప్రాంతపు ఉదాహరణతో విషయము సుబోధమగును. మిర్యాలగూడ రైస్ మిల్లులకు ప్రసిద్ధి. మిల్లు యంత్రమును ఫలానా వానికి అమ్మరాదని ఒక కట్టడి ఉన్నదనుకొందము. అతడు యంత్రమును కొనడు. వడ్లు పంపి, మర పట్టించి, కూలి చెల్లించి, బియ్యము తెచ్చుకొనును. కట్టడి అక్షరమునకు భంగము రాలేదు. ఆశయము మాత్రము నెరవేరలేదు. క్లౌడ్ అనబడు కంప్యూటరు సేవ సరిగా ఇట్టిదే.

2009లో అమెరికా వాణిజ్య శాఖ, కంప్యూటరు శక్తిని సేవగా అందించుట మాత్రమే ఎగుమతి కాదని అభిప్రాయపడినది. 2022 అక్టోబరులో, కృత్రిమ మేధకు ఉపకరించు అత్యంత శక్తివంతములైన చిప్పులను అనుమతి లేక చైనాకు పంపరాదని ఆ దేశము నియమించినది. అయినను అవే చిప్పులను దూరమునుండి అద్దెకు వాడుకొనుటకు దారి మిగిలియుండెను. దానిని మూయుటకై 2024 సెప్టెంబరులో అమెరికా ప్రతినిధుల సభ ఒక బిల్లును ఆమోదించినది. సెనేట్ ఆమోదము లేనందున నాడు అది చట్టము కాలేదు.

నియంత్రణల బరువు మన దేశమునకు క్రొత్త కాదు. 1991లో ఇస్రో క్రయోజెనిక్ ఇంజన్లకును, వాని నిర్మాణ పరిజ్ఞానమునకును సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మాస్‌తో ఒప్పందము చేసికొన్నది. 1992లో అమెరికా ఆంక్షలు విధించినది. 1993లో రష్యా ఇంజన్లను ఇచ్చుటకు అంగీకరించి, పరిజ్ఞానమును ఇచ్చుటకు వెనుదీసినది. స్వదేశీ క్రయోజెనిక్ ఇంజనుతో శ్రీహరికోటనుండి రాకెట్టు విజయవంతముగా ఎగిరినది 2014 జనవరి 5న. 1998 అణుపరీక్షల అనంతరము హైదరాబాదులోని భారత్ డైనమిక్స్, రక్షణ పరిశోధనాభివృద్ధి ప్రయోగశాల అమెరికా ఆంక్షల జాబితాకెక్కినవి. 1982లో అబ్దుల్ కలాం గారు సంచాలకులుగా చేరినది ఆ ప్రయోగశాలలోనే. 2011 జనవరిలో గాని వాని పేర్లు తొలగింపబడలేదు.

మన దేశము కూడ ఇట్టి కట్టుబాట్లు చేసికొన్నది. 2005లో సామూహిక వినాశ ఆయుధముల చట్టము వచ్చినది. అది వస్తువులతో పాటు సాంకేతిక పరిజ్ఞానపు బదిలీని కూడ నియంత్రించును. 2010లో విదేశీ వాణిజ్య చట్టము సవరింపబడి, సేవలును పరిజ్ఞానమును దాని పరిధిలోనికి తేబడినవి. కావున మనము కట్టుబాటునకు లోబడినవారము మాత్రమే కాక, దానిని విధించువారము కూడ.

ఈ చర్చ మన గ్రామములకు దూరమైనదని భావింపరాదు. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వము సుమారు 10,372 కోట్ల రూపాయలతో ఇండియా ఏఐ మిషన్‌ను ఆమోదించినది. ఒకచోట నెలకొల్పిన కంప్యూటరు శక్తిని విద్యార్థులును పరిశోధకులును దూరమునుండి వాడుకొనుట అందలి ముఖ్యోద్దేశములలో ఒకటి. 2025 జనవరిలో అమెరికా ప్రకటించిన నియమములో, పరిమితి లేక చిప్పులు పొందగల 18 మిత్రదేశములలో భారతదేశమునకు చోటు లేకుండెను. 2025 మేలో ఆ నియమము ఉపసంహరింపబడినది. ఆత్మకూర్ (ఎస్) విద్యార్థి కోట్ల విలువగల యంత్రమును కొనలేడు. దూరపు వాడుకయే అతనికి ద్వారము. ఆ ద్వారము దేశము పేరు చూచి మూయబడినచో మొదట నష్టపోవునది చిన్న ఊరి కళాశాలయే.

అట్లని హద్దులే వలదని మేము అనము. అణ్వస్త్ర రూపకల్పనకు శక్తిని అద్దెకిచ్చుట, యంత్రమును అమ్ముటకంటె తక్కువ అపాయము కాదు. అయితే నియంత్రణ మూడు ప్రశ్నలపై నిలువవలెను: వాడువాడెవడు? ఏ పనికి? ఎంత మేరకు? స్వల్పమైన అభ్యాసమును, నెలల తరబడి వేల చిప్పులతో సాగు కార్యమును ఒకే త్రాసులో తూచుట న్యాయము కాదు. వాడుకను పరిశీలించు నెపమున ప్రతివాని వ్రాతలను తెరచి చూచుట కూడ తగదు; సేవనందించు సంస్థ పెద్ద గిరాకీదారుల వివరములను పరిశీలించి, దాఖలు ఉంచుకొనుట చాలును.

మన విద్యార్థులలో అనేకులు రేపు హైదరాబాదు కార్యాలయములలో కూర్చుండి విదేశపు కంప్యూటర్లలో పని చేయుదురు. నియంత్రిత పరిజ్ఞానమునకు సంబంధించిన ఒక చిత్రపటమును తెరపై పరదేశీయునకు చూపుట కూడ కొన్ని సందర్భములలో ఎగుమతియే యగునని వారు ఎరిగియుండవలెను. మన కళాశాల కమిటీ పెద్దలు కంప్యూటరు విద్యతో పాటు ఈ చట్టములపై ఏటా ఒక ఉపన్యాసము ఏర్పాటు చేసినచో, అది విద్యార్థులకు ఉద్యోగమున రక్షణయగును.

వస్తువునకు హద్దు వేయుట సులభము, విజ్ఞానమునకు కష్టము, వాడుకకు మరింత కష్టము. ఆ కష్టమైన పనిని దేశములు చేయబూనినపుడు, నేర్చుకొను వానిని శత్రువుగా ఎంచని చట్టమును మనము కోరవలెను.