మేతయు ఎదయు: పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: అయ్యా, నాకు రెండు ముర్రా గేదెలు ఉన్నవి. ఒకటి ఈని ఏడు నెలలైనను ఎదకు రాలేదు. రెండవది మూడు పర్యాయములు సూది వేయించినను చూడి కట్టక తిరగపొర్లుచున్నది. హార్మోను సూదులు వేయింపుమని కొందరు చెప్పుచున్నారు. మేత వరిగడ్డి, తవుడు. దారి చెప్పగోరెదను.
- ఒక పాడిరైతు, కృష్ణా జిల్లా

జవాబు: మీరు లేఖ చివర నొక్క మాటగా చెప్పి విడిచిన మేత సంగతితోనే జవాబు మొదలుపెట్టుదును. ఈనిన తరువాత మొదటి రెండు మాసములలో గేదెకు పాలు పెరిగినంత వేగముగా ఆకలి పెరుగదు. ఆ లోటును అది తన యొంటి క్రొవ్వును కరగించుకొని పూడ్చుకొనును. తన ప్రాణమును నిలుపుకొనుట మొదటిది, దూడకు పాలిచ్చుట రెండవది, మరల చూడి కట్టుట కడపటిది అని ప్రకృతి యేర్పరచిన క్రమములో, లోటు తీరనంత కాలము అండకోశము పని మాని యూరకుండుట ఆ జీవికి ఆత్మరక్షణయే గాని రోగము కాదు. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళు మాత్రమే. పైగా అందలి ఆక్సలేటులు కాల్షియమును ఒంటికి పట్టనీయవు. తవుడులో భాస్వరము మెండు, కాల్షియము కొఱత. కాబట్టి మీ గేదెలు కడుపు నిండిన ఆకలితో నున్నవని నా యభిప్రాయము.

అయిదు వందల కిలోల గేదెకు దినమునకు పన్నెండు, పదమూడు కిలోల ఎండు పదార్థము కావలెను. దానిని పాతిక కిలోల పచ్చిమేతగాను, అయిదు కిలోల వరిగడ్డిగాను, తక్కినది దాణాగాను పంచవచ్చును. పచ్చిమేతలో రెండు పాళ్ళు జొన్న, మొక్కజొన్నల వంటి ధాన్యపు జాతులు, ఒక పాలు అలసంద, పిల్లిపెసర వంటి కాయజాతులు ఉండవలెను. దాణా ఒంటి పోషణకు ఒకటిన్నర కిలో, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున పెట్టుడు. దానిలో దినమునకు 50 గ్రాముల ఖనిజలవణ మిశ్రమమును, 30 గ్రాముల ఉప్పును మఱవకుడు. వరి కోతకు ముందు చేలో తడి ఆఱకమునుపే పిల్లిపెసర, జనుము చల్లుకొను డెల్టా రైతుల పాత వాడుక కోత యంత్రములు వచ్చినది మొదలు సన్నగిల్లుచున్నది. ఎకరములో నాలుగవ వంతునందైనను దానిని నిలుపుకొనుడని మిమ్ము ప్రత్యేకముగా కోరుచున్నాను. అది పశువుకు మేత, పొలమునకు సత్తువ.

ఇక ఎదను కనిపెట్టుట. ఆవు ఎదకు వచ్చినప్పుడు అరచును, తోటి పశువుల మీదికి ఎగబ్రాకును, ఊరికంతకు తెలియజేయును. గేదెకు పెక్కు పర్యాయములు వచ్చునది మూగ ఎద. అది నడిరేయి మొదలు తెల్లవారు వేళ వరకు ఎక్కువగా వ్యక్తమై, మనము పాలు పితుకుటకు లేచునప్పటికి సగము గడచిపోవును. కావున వేకువనే దీపము తీసికొని పాకలోనికి పోయి, పడుకొనియున్న గేదె వెనుక నేలను పరిశీలింపుడు. కోడిగ్రుడ్డు తెల్లసొన వంటి స్వచ్ఛమైన తీగ అచ్చట పడియుండినను, గేదె తోక కొంచెము ఎత్తి పట్టి మాటిమాటికి మూత్రము విడుచుచున్నను, అకారణముగా ఆ పూట పాలు చేపకున్నను, అది ఎదయే యని యెంచి ఆ తేదీని వ్రాసి పెట్టుకొనుడు. ఇరువది యొకటవ దినమున మరల చూడుడు. పగటిపొద్దు తక్కువగా నుండు సెప్టెంబరు మొదలు ఫిబ్రవరి వరకు గేదెలు బాగుగా ఎదకు వచ్చును. ఎండకాలమున చెరువు నీటిలో దింపుటయో, దినమునకు రెండు మూడు సార్లు ఒంటిపై నీళ్ళు చల్లుటయో చేయనిచో వచ్చిన ఎదయు కనబడదు.

తిరగపొర్లుచున్న రెండవ గేదె విషయమున మొదట వేళను సరిచూచుకొనుడు. ఉదయము ఎద కనబడినచో సాయంకాలమును, సాయంకాలము కనబడినచో మరునాటి ఉదయమును సూది వేయించుట మేలు. గ్లిసరాలు కలిపినచో వీర్యకణములు గడ్డకట్టినను చావవని 1949లో ఇంగ్లండునందు పోల్జ్, స్మిత్, పార్క్స్ అను శాస్త్రజ్ఞులు కనుగొన్నందువలననే దూరదేశపు ఆబోతు వీర్యము నేడు మన పల్లెలకు వచ్చుచున్నది. సున్నకు 196 డిగ్రీల దిగువనున్న ద్రవనత్రజనిలో నిలువయుండు ఆ వీర్యపు గొట్టమును 37 డిగ్రీల గోరువెచ్చని నీటిలో అర నిమిషము కరగించి వెంటనే వాడవలెను. అటుగాక చొక్కా జేబులో వేసికొని ఒంటి వేడికి కరగించు పద్ధతి ఎక్కడనైన కంటబడినచో, పెద్దమనిషి యని మొగమాటపడక ఆపుడు. అందులోని కణములలో చాల భాగము అప్పటికే నశించియుండును. తీగ తెల్లగానో, చీము కలిసినట్లో యున్నచో అది గర్భకోశపు జబ్బు; ఆ ఎదను విడిచి చికిత్స చేయింపవలెను. హార్మోనుల మాటకు వత్తును: పశువైద్యుడు చేయి పెట్టి అండకోశమును పరీక్షించి చెప్పినప్పుడు అవి మేలు చేయును, బక్కచిక్కిన పశువునందు మేత సరిచేయక వాడినచో ధనవ్యయమే మిగులును.

ప్రశ్న: మాకు పచ్చిమేతకు నీటి వసతి లేదు. వరిగడ్డిని యూరియాతో శుద్ధి చేసి పెట్టవచ్చునని విన్నాను. అది పశువులకు విషము కాదా?
- ఒక సోదరి, నల్లగొండ జిల్లా

జవాబు: అమ్మా, మీ భయము సహేతుకమైనది. యూరియా నీళ్ళను పశువు నేరుగా త్రాగినచో ప్రాణాపాయమే. బకెట్టును సైతము కడిగి బోర్లించువరకు దూడలను ఆ దరికి రానీయవలదు. కాని గడ్డిలో ఊరబెట్టిన యూరియా అటువంటిది కాదు. నూరు కిలోల ఎండుగడ్డికి నాలుగు కిలోల యూరియాను సుమారు అరువది లీటర్ల నీటిలో పూర్తిగా కరగించి, గడ్డిని పొరలు పొరలుగా పఱచుచు ప్రతి పొరపైన సమముగా చిలుకరించి, కాళ్ళతో త్రొక్కి, గాలి చొరకుండ టార్పాలినుతో కప్పి, అంచులకు మన్ను వేసి మూడు వారములు ఉంచుడు. ఆ కాలములో యూరియా అమ్మోనియాగా మారి గడ్డిలోని గట్టి పీచు బంధములను సడలించును. మాంసకృత్తుల పాలు ఇంచుమించు రెట్టింపగును. పశువు మునుపటికన్న ఎక్కువ తినును. కప్పు తీసినప్పుడు గడ్డి పసుపు వన్నె చాయ తిరిగి, ముక్కులకు ఘాటు తగులును. ఆ పూటకు కావలసినంతయే తీసి, ఒకటి రెండు గంటలు ఆరబోసి ఘాటు పోయిన తరువాత పెట్టుడు. బూజు పట్టినది పాఱవేయుడు. ఆరు నెలలకు లోబడిన దూడలకు మాత్రము దీనిని పెట్టరాదు. వాటి పొట్ట ఇంకను దానికి సిద్ధమై యుండదు.

ప్రశ్న: మొన్న వాన ఎగవేసిన జొన్న చేనిలో ఎద్దు మేసి గంట లోపల చచ్చిపోయినది. ఎవరో చేతబడి చేసిరని ఇంటివారు అనుచున్నారు.
- ఒక రైతు, కర్నూలు జిల్లా

జవాబు: మీ నష్టమునకు మిక్కిలి చింతించుచున్నాను. ఇరుగుపొరుగును అనుమానింపకుడు, అది జొన్న నాము. లేత జొన్నలో ధురిన్ అను పదార్థముండును. ఆకు నమిలినప్పుడు అందుండి హైడ్రోసయనిక్ ఆమ్లము పుట్టి, నెత్తురులో ప్రాణవాయువు నిండుగానున్నను ఒంటి కణములు దానిని వినియోగించుకొనలేని స్థితిని కలిగించును. అందుచేతనే పశువు రొప్పుచు, నోట నురుగు క్రక్కుచు పడిపోవును. చిగుళ్ళు మాత్రము ఎఱ్ఱగా నుండును. నలుబది అయిదు, ఏబది దినములకు లోబడిన పైరును, వాన లేక గిడసబారినదియు, కోసిన మోళ్ళనుండి వచ్చిన పిలకలును మిక్కిలి ప్రమాదకరములు. పూత వచ్చిన తరువాత కోసిన జొన్నయు, ఎండబెట్టిన చొప్పయు నిరపాయములు. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ అను విరుగుడులను నరమునకెక్కించినచో పశువు బ్రతుకగలదు గాని, వ్యవధి నిమిషములలో నుండును గనుక వానలు వెనుకపట్టిన యేట ముందుగానే మీ ఊరి పశువైద్యశాలలో అవి కలవో లేవో విచారించుకొనుడు.

ప్రశ్న: మాకు నెల్లూరు జాతి గొర్రెలు నూరు గలవు. ఊరి బీడులో గడ్డి నానాటికి తగ్గి వయ్యారిభామ పెరుగుచున్నది. గొర్రెలను తగ్గించుకొనుమందురా?
- ఒక కాపరి, అనంతపురము జిల్లా

జవాబు: నాయనా, మందను తగ్గింపుమని చెప్పుటకు ముందు, బీడుకు విరామమిచ్చితిరా యని యడుగుదును. కొఱికిన గడ్డి తన వేరునందలి నిలువను ఖర్చుపెట్టి క్రొత్త చిగురు వేయును. ఆ చిగురు ముదిరి వేరుకు అప్పు తీర్చకమునుపే మరల కొఱికినచో వేరు కుఱుచయై, రెండు మూడు పర్యాయములకు చచ్చును. పశువులు ముట్టని కలుపు ఆ చోటును ఆక్రమించును. గడ్డిని పాడుచేయునది పశువుల సంఖ్య కన్న అవి ఒకచోట నిలిచియుండు కాలము, మరల అచ్చటికి వచ్చు వ్యవధి అని ఫ్రాన్సు దేశమున నార్మండీలో ఆవులను మేపుకొనుచు ఆంద్రే వాజాన్ 1950 దశకములో విపులముగా నిరూపించెను. ఇంత దూరము పోనేల? తమిళనాట కాంగేయము ప్రాంతపు రైతులు కొఱంగాడు అను మేతభూములను ముళ్ళకంచెతో మడులుగా విభజించి, అంజన్ గడ్డియు తెల్లతుమ్మయు పెంచి, ఒక మడిని మేపి మరియొక మడిని విడిచి పెట్టుచు, వాన తక్కువైన నేలలో తరతరములుగా పశువులను పోషించుచున్నారు. తుమ్మకాయలు ఎండకాలమున గొర్రెలకు దాణా.

మీ బీడును పెద్దమనుషుల సమ్మతితో నాలుగు భాగములు చేయుడు. గడ్డి జానెడు పెరిగినప్పుడు ఒక భాగములోనికి మందను తోలి, బెత్తెడు మిగిలియుండగానే తరువాతి భాగమునకు మార్చుడు. ఏటికొక భాగమునకు తొలకరినుండి గింజ రాలు వరకు సంపూర్ణ విశ్రాంతి నిచ్చి, అందులో తొలివానకు అంజన్ గడ్డి, స్టైలో విత్తనములు చల్లుడు. స్టైలో ఎఱ్ఱనేలలలో నిలదొక్కుకొను కాయజాతి మేత. వయ్యారిభామను పూత రాకమునుపే పెఱికివేయుడు. ఈ ఏర్పాటునకు ఊరు ఒడబడుటయే కష్టము. గడ్డి పెంచుట అంత కష్టము కాదు.

పొట్టేళ్ళను మందలోనికి వదలుటకు రెండు మూడు వారముల ముందునుండి ఒక్కొక్క గొర్రెకు పావుకిలో జొన్నలో, మొక్కజొన్నలో పెట్టినచో ఎద ఒక్కుమ్మడిగా వచ్చి, ఈతలు దగ్గర దగ్గరగా పడును. కవలలు కూడ హెచ్చును. తొలకరి లేతగడ్డి మీద మంద పడినప్పుడు చిటుకరోగము చెలరేగును గావున, దాని టీకా వానలకు మునుపే వేయించుకొనుడు.

ప్రశ్న: నా ఒంగోలు ఆవును జెర్సీతో దాటించినచో పాలు పెరుగునా?
- ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: మొదటి తరములో పెరుగును, తరువాతి తరములలో ఆ సంకరబలము పలుచనై, సంతతి ఎండను, గోమార్లను తట్టుకొను గుణమును కోల్పోవును. జాతి లక్షణము లేని ఊరి ఆవులను సంకరపఱచుట వేరు, మేలిజాతి ఒంగోలును సంకరపఱచుట వేరు. ఈ జాతిని తీసికొనిపోయి బ్రెజిలు దేశస్థులు నెలోరి అను పేరుతో తమ పశుసంపదలో సింహభాగముగా వృద్ధి చేసికొనిరి. గుంటూరు చెంత లాం పరిశోధనక్షేత్రములో దీనిపై కృషి సాగుచున్నది. మీరు ఒంగోలుకు ఒంగోలునే దాటింపుడు. ఆబోతు మూపురమును, కొమ్ములను చూచి మురియక, దాని తల్లి ఎన్ని లీటర్లు ఇచ్చినదో వ్రాతపూర్వకమైన లెక్క నడుగుడు. ఊరి ఆబోతును మూడేండ్లకు మించి ఉంచినచో దాని పెయ్యలే దానికి ఎదురగును గనుక, ఆ లోపలనే పొరుగూరి ఆబోతుతో మార్చుకొనుడు.