‘లేట్’ అనే విశేషణం – దాని సరియైన ప్రయోగం

తెలుగు బోధించే మాకు ఆంగ్ల విశేషణంతో పని ఏమని కొందరు మిత్రులు అడగవచ్చు. ‘లేట్’ అనే మాట నేడు ఆంగ్లేయులది మాత్రమే కాదు. ‘బస్సు లేటయింది’ అని తెలుగు ఇళ్లలోను, ‘గాడీ లేట్ హై’ అని ఉర్దూ ఇళ్లలోను నిత్యం వినబడుతున్నది. ఈ అతి పరిచయమే పొరపాటుకు కారణమవుతున్నది. మన సంభాషణలో ఆ మాటకు సాధారణంగా ఆలస్యమనే అర్థం ఒక్కటే. ఆంగ్ల రచనలో దానికి ముఖ్యంగా మూడు అర్థాలు కలవు. వాటిలో ఒకటి మరణాన్ని తెలుపుతుంది. కనుక ఈ చిన్న మాటను వాక్యంలో ఏ స్థానంలో ఉంచుతున్నామో తెలిసి వ్రాయడం అవసరం.

మాట పుట్టుక

ప్రాచీనాంగ్లంలో దీని మూలరూపానికి మందమైన, జడమైన అని అర్థం. మందంగా నడిచేవాడు వేళకు చేరలేడు గనుక, క్రమంగా అది వేళ మించినదనే అర్థానికి వచ్చింది. మన ‘ఆలస్యం’ కూడా ఈ దారినే నడిచింది. సంస్కృతంలో అలసుడనగా సోమరి, ఆలస్యమనగా సోమరితనం. తెలుగులో మాత్రం అది జాగు అనే అర్థంలో స్థిరపడింది. సోమరితనం కారణం, జాగు దాని ఫలితం. రెండు భాషలూ కారణాన్ని చెప్పే మాటనే ఫలితానికి పేరుగా చేసుకున్నాయి. మన పాస్‌పోర్టులో ‘వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్’ అనే మాటలున్నవి. అక్కడి ‘లెట్’ అనగా అడ్డంకి. అదియు ఈ కుటుంబంలోనిదే. అడ్డగించడమంటే జాగు చేయడమే కదా!

మూడు అర్థాలు

మొదటిది, వేళ మించుట. ‘ద ట్రెయిన్ ఈజ్ ట్వంటీ మినిట్స్ లేట్’ అన్నచో రైలు ఇరవై నిమిషాలు ఆలస్యమని అర్థం. తరగతికి ఆలస్యమైనప్పుడు ‘ఐ వాజ్ లేట్ ఫర్ ద క్లాస్’ అనాలి.

రెండవది, ఒక కాలఖండంలోని చివరి భాగం. 1897లో అచ్చయిన గురజాడవారి ‘కన్యాశుల్కం’ను ‘లేట్ నైన్‌టీన్త్ సెంచరీ’ నాటకమంటే, అది పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగానిదని అర్థం. ఆ నాటకం ఆలస్యంగా వచ్చిందని కాదు.

మూడవది, మరణించిన వ్యక్తిని పేర్కొనుట. ‘మై లేట్ ఫాదర్’ అనగా మరణించిన మా తండ్రిగారు.

స్థానభేదం

ఇక్కడే విద్యార్థి జాగ్రత్త వహించాలి. ‘ద ప్రిన్సిపాల్ ఈజ్ లేట్’ అన్నచో ప్రిన్సిపాల్‌గారు ఇంకా రాలేదని భావం. ‘ద లేట్ ప్రిన్సిపాల్’ అన్నచో వారు ఇక రారు! మాటలు అవే, స్థానం మారగానే జీవించి ఉన్నవారు దివంగతులైనారు. ‘ద’, ‘మై’, ‘అవర్’ వంటి పదాల తర్వాత, వ్యక్తిని తెలిపే నామానికి ముందు ‘లేట్’ ఉంటే పాఠకునికి సాధారణంగా మరణమే స్ఫురిస్తుంది. క్రియ తర్వాత ఉంటే ఆలస్యం స్ఫురిస్తుంది. విశేష్యం వ్యక్తి కానప్పుడు ఈ భయం లేదు. ‘ఎ లేట్ మ్యారేజ్’ అనగా వయస్సు మీరిన తర్వాత జరిగిన వివాహం.

రాత్రి ఆలస్యంగా తండ్రి ఊరినుండి వచ్చిన విద్యార్థి సెలవు చీటీలో ‘మై లేట్ ఫాదర్ కేమ్ లాస్ట్ నైట్’ అని వ్రాసినచో, చదివిన అధ్యాపకుడు నవ్వి ఊరుకోవచ్చు. స్కాలర్‌షిప్ దరఖాస్తు అలా నవ్వి వదిలే కాగితం కాదు. తండ్రి పేరుకు ముందు ‘లేట్’ అని పడితే, ఆ కాగితం దృష్టిలో ఆయన లేరు. బ్రతికి ఉన్న మనిషి బ్రతికి ఉన్నాడని నిరూపించుకొనే పని ఆ కుటుంబంపై పడవచ్చు. దీనికి విరుద్ధంగా, నిజంగా తండ్రిని కోల్పోయిన విద్యార్థి ‘మై ఫాదర్ ఈజ్ లేట్’ అని వ్రాస్తే, ఆయన ఎక్కడో జాగు చేస్తున్నారని చదివేవారు అనుకొనవచ్చు. ఆ బిడ్డకు రావలసిన సహాయం ఒక్క మాట వల్ల సందిగ్ధంలో పడుతుంది. ఇట్టి చోట ‘మై ఫాదర్ ఈజ్ నో మోర్’ అని గాని, ‘మై ఫాదర్ డైడ్’ అని సంవత్సరంతో గాని స్పష్టంగా వ్రాయడం మేలు.

ఎవరికి వాడరాదు?

చిరకాలం క్రిందట గతించిన చారిత్రక పురుషులకు ‘లేట్’ చేర్చరు. వేమనకు గాని, మహమ్మద్ కులీ కుతుబ్ షాకు గాని ఆ మాట అక్కరలేదు. ఒకరు జీవించి ఉండగా చేసిన పనిని చెప్పేటప్పుడు కూడ ఇది పొసగదు. నాగార్జునసాగర్‌కు 1955లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ వాక్యంలో ‘ద లేట్ నెహ్రూ’ అని వ్రాస్తే గతించినవారే వచ్చి శంకుస్థాపన చేసినట్లు ధ్వనిస్తుంది.

మన భాషల్లో ఈ సందిగ్ధత లేదు. తెలుగులో ‘కీర్తిశేషులు’ అంటాము. కీర్తి మాత్రమే మిగిలినవారని భావం. ఉర్దూలో పురుషులకు ‘మర్హూమ్’, స్త్రీలకు ‘మర్హూమా’ అంటాము. కరుణ పొందినవారని మాటకు అర్థం. ఒకటి లోకంలో నిలిచిన పేరును చెబుతున్నది, మరొకటి దైవకృపను స్మరిస్తున్నది. ‘లేట్’లో అంతటి ఆర్ద్రత లేదు, కేవలం సమాచారమే ఉన్నది. కనుక తెలుగు, ఉర్దూ రచనలలో మన మాటలనే వాడుకొనడం ఉచితమని మా అభిప్రాయం.

దగ్గరి బంధువులు

‘లేట్లీ’ అనగా ఆలస్యంగా అని కాదు, ఇటీవల అని. ‘హీ కేమ్ లేట్’ అంటే ఆలస్యంగా వచ్చాడు. ఇక్కడ ‘లేట్’ క్రియావిశేషణం కూడ అవుతుంది, ‘లీ’ చేర్చవలసిన పని లేదు. ‘లేటెస్ట్’ అనగా ఇప్పటికి సరిక్రొత్తది. ‘లాస్ట్’ అనగా చిట్టచివరిది. ఇంకా వ్రాస్తున్న కవి క్రొత్త పుస్తకాన్ని ‘హిజ్ లాస్ట్ బుక్’ అంటే ఇక ఆయన కలం ఆగినట్లే అనిపించవచ్చు. ‘హిజ్ లేటెస్ట్ బుక్’ అనడం మర్యాద.

అభ్యాసం

విద్యార్థులు ఈ క్రింది వాక్యాలను సరిచేయుదురు గాక.

1. ‘షీ కేమ్ లేట్లీ టు ద ఎగ్జామినేషన్ హాల్.’ (ఆమె ఆలస్యంగా వచ్చింది.)
2. ‘మై లేట్ బ్రదర్ మిస్డ్ ద బస్ దిస్ మార్నింగ్.’ (అన్నగారు క్షేమంగా ఉన్నారు.)
3. ‘మై ఫాదర్ ఈజ్ లేట్, సో మై మదర్ సపోర్ట్స్ ద ఫ్యామిలీ.’ (తండ్రి మరణించారు.)

మాట వ్రాసిన పిమ్మట ఒక్క క్షణం ఆగి, దాని స్థానాన్ని మరల చూచుకొనడం వలన కలిగే ఆలస్యం దోషం కాదు. ఇతరుల జీవన్మరణాలను తెలిపే మాట విషయంలో అట్టి ఆలస్యం మన విధి.