గాలి చూపిన దారి

రామగుండం, గోదావరిఖని వాసులకు గాలిని కంటితో చూసే వీలుంది. విద్యుత్ కేంద్రపు పొగగొట్టాలే అందుకు సాధనం. చలికాలపు ఉదయాన వాటి పొగ పలుచని పట్టీవలె అడ్డంగా సాగిపోతుంది. మధ్యాహ్నానికి అదే పొగ మెలికలు తిరుగుతూ ఎగసిపడుతుంది. ఎండకు నేల, బొగ్గు గుట్టలు కాగి, పైనున్న గాలి ఎగదన్నడమే దీనికి కారణం. రామగిరి ఖిల్లా పాదాన ఆకు కదలని వేళ సైతం శిఖరాన గాలి వీస్తూ ఉండవచ్చు. వేడిగాలి బెలూను నడిపేవారు మొదట నేర్వవలసినది ఈ భేదాన్నే.

బెలూనుకు చుక్కాని లేదు, బ్రేకు లేదు. గ్యాసు మంటతో లోపలి గాలిని వేడిచేస్తే తేలికై లేస్తుంది, చల్లబడితే దిగుతుంది. దిశ మాత్రం గాలిదే. చోదకుడు పైకో కిందికో జరిగి, తనకు అనువైన గాలిని వెదకుకోవాలి. గాలితోపాటే సాగడం వలన బుట్టలోని వారికి దాని ఉరవడి అంతగా తెలియదు. తెలిసేది నేల తాకినప్పుడే! 3,000 ఘనమీటర్ల బెలూనులో దాదాపు 3 టన్నుల గాలి ఉంటుంది. దిగగానే తాడు లాగి, పైభాగాన ఉన్న మూత తెరచి, దానిని వదలివేయాలి. గాలి వేగం రెండింతలైతే తాకిడి నాలుగింతలవుతుంది. అప్పుడు బుట్ట ఒరిగి పొలాల వెంట ఈడ్చుకుపోతుంది. దారిలో కరెంటు తీగలుంటే ఇక చెప్పనక్కరలేదు.

2012 ఆగస్టు 23న స్లొవేనియాలోని ల్యుబ్లియానా సమీపాన 32 మందితో వెళ్లిన బెలూను ఆకస్మికమైన గాలివానలో చిక్కుకొని కూలి మంటలపాలైంది. ఆరుగురు మరణించారు. మన దేశంలో 2025 సెప్టెంబరు 13న గాంధీసాగర్ వద్ద మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి మోహన్ యాదవ్ ఎక్కిన బెలూను గాలి హెచ్చడంతో లేవలేకపోయింది. అడుగున అంటుకున్న మంటను సిబ్బంది ఆర్పినట్లు పత్రికలు రాశాయి. భద్రతాలోపం లేదని అధికారులు ప్రకటించారు. ఆయన క్షేమంగా బయటపడ్డారు. అక్కడ బెలూను నేల విడువకపోవడమే మేలైంది.

తెలుగునాట 2017 నవంబరులో అరకులోయలో బెలూన్ల ఉత్సవం జరిగింది. ఇటువంటి వేడుకలకు చలికాలం అనువైనది. తెలంగాణలో ఏప్రిల్, మే నెలల సాయంత్రాలు అట్టివి కావు. క్యుములోనింబస్ మేఘం నుండి చల్లని గాలి కిందికి దూకి నేలపై నలుదిక్కులా పరచుకుంటుంది. మేఘం ఇరవై కిలోమీటర్ల దూరాన ఉన్నా, వాన కంటె ముందే ఆ విసురు వచ్చి తగలవచ్చు. ఎగిరిన పిమ్మట దానిని తప్పించుకోవడం దుస్సాధ్యం.

అందువలన నిర్ణయం నేలమీదనే జరగాలి. సొమ్ము చెల్లించి, తెల్లవారకముందే వచ్చి నిలిచిన యాత్రికులతో "నేడు ప్రయాణం లేదు" అనడం చోదకునికి సులభం కాదు. కనుకనే అనుభవజ్ఞులు మొదట ఒక చిన్న బుడగను వదలి, అది కనుమరుగయ్యేవరకు దాని పోకడను చూస్తూ నిలబడతారు.