‘వుడ్’ అంటే మాట ఇచ్చినట్టు కాదు

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఓ ఆఫీసు. ఉదయం స్టాండప్ కాల్‌లో మేనేజర్ అడిగారు, శుక్రవారంకల్లా రిపోర్ట్ వస్తుందా అని. మనవాళ్లలో చాలామంది వినయంగా ‘ఐ వుడ్ సెండ్ ఇట్ బై ఫ్రైడే’ అంటారు. మన చెవికి అది మర్యాద. అమెరికన్ చెవికి సగం వాక్యం. ‘పంపేవాణ్ణే, కానీ...’ అన్నట్టు వినిపించి, ఆ ‘కానీ’ ఏమిటా అని ఆయన ఎదురుచూస్తారు. మీరు గురువారమే పంపేసినా సరే, అనుమానం మాత్రం ముందే పడిపోయింది.

చేస్తానన్న పనికి ‘విల్’ వాడండి. ‘ఐల్ సెండ్ ఇట్’ అంటే పొగరేమీ కాదు. ‘వుడ్ యు మైండ్’, ‘ఐ వుడ్ లైక్’ లాంటి చోట్ల ‘వుడ్’ మర్యాదే, ఒప్పుకుంటాను. అడిగేటప్పుడు పనికొచ్చిన ఆ మర్యాదను మాట ఇచ్చేటప్పుడు కూడా తగిలించడంతోనే వస్తోంది చిక్కంతా.

అసలు సంగతి ఇదీ: జరగదనుకున్నదాన్ని ఊహించేటప్పుడు ఇంగ్లిష్ క్రియను ఒక కాలం వెనక్కి జరుపుతుంది. మనకా అవసరం లేదు. ‘రేపు వానొస్తే’ అన్నా, ‘నాకు లాటరీలో కోటి డాలర్లొస్తే’ అన్నా అదే ‘-తే’ రూపం, అదే చేదర్థకం. ఇంగ్లిష్‌లో వానకు ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’, తర్వాత ‘విల్’. లాటరీకి ‘ఇఫ్ ఐ వన్’, తర్వాత ‘వుడ్’. ‘ఇఫ్’ పక్కనే ‘విల్’ పెట్టి ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అనే అలవాటుంటే ఇవాళే మానేయండి.

జరగకుండా పోయినదాని విషయానికొస్తే, ఫ్రిస్కోలో దానికి కొదవలేదు. 2000 జనాభా లెక్కల్లో ఈ ఊరి జనం 33,714 మంది. 2020కి రెండు లక్షలు దాటారు. అందుకే ఏ పాట్‌లక్‌కు వెళ్లినా, కార్యసిద్ధి హనుమాన్ గుడి బయట ఏ నలుగురు ఆగినా, ‘అప్పుడే ఇల్లు కొని ఉంటేనా, ఎంత మిగిలేదో!’ అన్న మాట రాక మానదు. ఇంత చక్కగా తెలుగులో నిట్టూర్చేవాళ్లు ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ‘ఇఫ్ వి బాట్ దెన్, వి విల్ సేవ్’ అనేస్తారు. ‘కొని ఉంటే’కు ‘హ్యాడ్ బాట్’, ‘మిగిలేది’కి ‘వుడ్ హ్యావ్ సేవ్డ్’. నిట్టూర్పు అదే, అతుకులు రెండు.

ఇళ్ల కబుర్లలో తప్పినా నష్టం లేదు. ఇంటర్వ్యూలో అలా కాదు. ‘వాట్ వుడ్ యు డూ ఇఫ్ ద డేటాబేస్ వెంట్ డౌన్?’ అని అడిగితే అది ఊహ. ‘ఐ వుడ్ రోల్ బ్యాక్ ఫస్ట్’ అనాలి. పొరపాటున ‘ఐ రోల్డ్ బ్యాక్’ అన్నారో, ఏ ప్రాజెక్టులో, ఎప్పుడు అని వెంటనే అడుగుతారు. చెప్పాలనుకోని అబద్ధానికి సాక్ష్యం వెతుక్కోవాల్సి వస్తుంది.

దీనికి తిరగేసిన కేసు ఇంకా ప్రమాదం. ‘టెల్ మి అబౌట్ ఎ టైమ్ వెన్...’ అని మొదలైతే, నిజంగా జరిగింది చెప్పమని అర్థం. అప్పుడు ‘ఐ వుడ్ టాక్ టు ద క్లయింట్’ అంటే, మీరు క్లయింట్‌తో ఎన్నడూ మాట్లాడలేదనీ, ఇప్పుడే కల్పిస్తున్నారనీ అనుకుంటారు. రాత్రంతా కూర్చుని క్లయింట్‌ను ఒప్పించింది మీరే అయినా, ఆ ఘనత ఒక్క ‘వుడ్’తో గాలికి పోతుంది. ‘ఐ టాక్డ్, ఐ ఫిక్స్‌డ్’ అని ఉత్త భూతకాలంలో చెప్పండి. గతంలోని అలవాటుకూ ‘వుడ్’ వాడతారు, మన ‘చేసేవాణ్ణి’ లాగే. ఇంటర్వ్యూలో మాత్రం ఆ జోలికి పోకండి. సమాధానం మొదలుపెట్టే ముందు ప్రశ్నలోని క్రియను పట్టుకుంటే చాలు, మీ క్రియ దాని వెంటే వస్తుంది.

పక్క సీటు అమెరికన్ ‘ఇఫ్ ఐ వుడ్ హ్యావ్ నోన్’ అనడం మీరు వినే ఉంటారు. మాటల్లో వాళ్లకది చెల్లుతోంది. మీరు మాత్రం ఈమెయిల్‌లో ‘ఇఫ్ ఐ హ్యాడ్ నోన్’ అనే రాయండి. ఆయన్ని దిద్దబోకండి.