చేతిలో చిన్న కెమెరా

ఉద్దానం అన్న పేరు ‘ఉద్యానం’ అనే సంస్కృత పదం నుండి వచ్చిందని పెద్దలు చెబుతారు. పలాస దాటి తూర్పున సముద్రం వైపు వెళ్లినవారికి ఆ మాట వేరుగా వివరించవలసిన అవసరం ఉండదు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాలలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల నడుమనే ఊళ్లు ఉంటాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపాన తీరం దాటింది. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి కొబ్బరిచెట్ల మొవ్వులు మెలితిరిగిపోయాయి. జీడిచెట్లు వేళ్లతో సహా పెకలి పడ్డాయి. తరాల శ్రమ ఒక్క పూటలో నేలపాలయింది.

వారం రోజుల తరువాత నేను మా మేనమామగారి తోటకు వెళ్లాను. ఆయన నష్టం గురించి ఏమీ మాట్లాడలేదు. “ఒరే, నీ చిన్న కెమెరాలో మన తోట బొమ్మలు ఉన్నాయి కదా, తియ్యి. ఫైలిన్ తరువాత తోట తేరుకోవడానికి ఎన్నేళ్లు పట్టిందో చూద్దాం” అన్నారు. 2013 అక్టోబరు 12న వచ్చిన ఫైలిన్ తుఫాను కూడా ఆ తోటను గాయపరచింది. మళ్లీ కాపు నిలదొక్కుకోవడానికి ఎంతకాలం పట్టిందో తెలిస్తే, ఈసారి అప్పు ఎన్నేళ్లకు తీసుకోవాలో లెక్క వేసుకోవచ్చునన్నది ఆయన ఆలోచన. బొమ్మలు ఉన్నాయి, నలభైకి పైగా. వాటన్నిటి మీదా ఒకే తేదీ: 2010 జనవరి 1. ఆ కెమెరా నేను కొన్నదే 2012లో! ఆ తేదీ ఎలా పడిందో తెలియాలంటే ముందుగా ఆ పరికరాన్ని గురించి కొంత తెలుసుకోవాలి.

సామాన్యునికి అందుబాటులో ఉండే కెమెరా అనే ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో కొడాక్ సంస్థ 1900లో ‘బ్రౌనీ’ అనే పెట్టె కెమెరాను ఒక్క డాలరుకు అమ్మింది. మన దేశంలో ఒక తరానికి ఆ పాత్రను వడోదరలో తయారైన ‘ఆగ్ఫా క్లిక్ త్రీ’ నిర్వహించింది. దానిలో ఒక చుట్ట ఫిల్ముకు పన్నెండు బొమ్మలే వచ్చేవి. అందుచేత పెళ్లికో, తిరుపతి యాత్రకో తప్ప దానిని బీరువాలో నుండి బయటకు తీసేవారు కారు. ఫిల్ము అక్కరలేని కెమెరాను 1975లో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ నిర్మించాడు. అది సుమారు మూడున్నర కిలోల బరువు తూగేది. పదివేల బిందువులతో కూడిన ఒక నలుపు తెలుపు చిత్రాన్ని క్యాసెట్టు టేపు మీద నమోదు చేయడానికి 23 సెకన్లు తీసుకునేది. ఆ సంతతికి చెందినదే నేడు చొక్కా జేబులో పట్టే కాంపాక్ట్ కెమెరా.

ఈ చిన్న కెమెరాల వైభవం ఎక్కువకాలం నిలువలేదు. 2010లో ప్రపంచవ్యాప్తంగా ఇవి పదికోట్లకు పైగా విపణిలోకి వచ్చాయి. 2023 నాటికి ఆ సంఖ్య ఇరవై లక్షల లోపునకు పడిపోయింది. కారణం అందరి చేతిలోనూ ఉంది: సెల్‌ఫోను. అయినప్పటికీ, నేర్చుకోదలచిన విద్యార్థికి ఫోను కంటే చిన్న కెమెరాయే మంచి గురువు అని నా అభిప్రాయం. ఫోను మన తప్పులను తానే దిద్ది, అందమైన బొమ్మను చేతిలో పెడుతుంది. చిన్న కెమెరా మన తప్పును మనకే చూపిస్తుంది. పైగా, బొమ్మ తీయబోయేటప్పుడు దానికి ఎవరూ ఫోను చేయరు!

కెమెరా లోపల కటకం వెనుక చిటికెనవేలి గోరు కంటే చిన్నదైన సెన్సర్ ఉంటుంది. కటకం గుండా వచ్చిన కాంతిని అది విద్యుత్ సంకేతాలుగా మారుస్తుంది. ఇటువంటి సెన్సర్లలో తొలితరానికి చెందిన సీసీడీని 1969లో బెల్ ప్రయోగశాలలో రూపొందించిన విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్‌లకు 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం లభించింది. సెన్సర్ మీది ఒక్కొక్క బిందువును పిక్సెల్ అంటారు, పదిలక్షల పిక్సెళ్లు ఒక మెగాపిక్సెల్. దుకాణదారుడు మొదట చెప్పేది ఈ అంకెనే. నాలుగు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల పొడవు గల కాగితం మీద అంగుళానికి 300 బిందువుల చొప్పున ముద్రించినా, కావలసినవి ఇరవైరెండు లక్షల లోపు పిక్సెళ్లే. పదహారు మెగాపిక్సెళ్ల కెమెరాలో అంతకు ఏడు రెట్లు ఉంటాయి. కనుక ఆ అంకెను చూసి మురిసిపోనక్కరలేదు. సెన్సర్ వైశాల్యాన్ని అడగడం మేలు. సాధారణ చిన్న కెమెరాలలో అది 28 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే. వృత్తి ఛాయాగ్రాహకుల పెద్ద కెమెరాలో 864 చదరపు మిల్లీమీటర్లు. వెడల్పాటి గోలెంలో వాననీరు ఎక్కువ పడినట్లే, పెద్ద సెన్సర్ మీద కాంతి ఎక్కువ పడుతుంది.

ఈ తేడా పలాస జీడిపప్పు కర్మాగారాలలో స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ అధికసంఖ్యలో స్త్రీలే వరుసగా కూర్చుని జీడిపిక్కలు కొట్టి పప్పు తీస్తారు. షెడ్డులో వెలుతురు తక్కువ. కెమెరా తన కాంతి గ్రహణశక్తిని, అంటే ఐఎస్‌ఓను, తానే పెంచుకుంటుంది. దానితో బొమ్మ నిండా ఇసుక చల్లినట్లు చుక్కలు కనిపిస్తాయి. ఫ్లాష్ వేస్తే దగ్గర ఉన్నవారి ముఖం తెల్లబోయి, వెనుక వరుస చీకటిలో కలిసిపోతుంది, ఎందుకంటే ఆ చిన్న దీపం వెలుగు కొద్ది మీటర్లకు మించి పోదు. ఫ్లాష్ ఆపి, పనిచేసేవారిని కిటికీ వెలుగులో ఉండగా తీయడం ఉత్తమం. వారి అనుమతి తీసుకోవడం అంతకంటే ముందు చేయవలసిన పని.

అధిక కాంతి కూడా కెమెరాను మోసగిస్తుంది. వేసవిలో టెక్కలి నుండి నౌపడా వైపు వెళితే ఉప్పుమడుల గట్లపై తెల్లని రాశులు ఎండలో మెరుస్తూ ఉంటాయి. వాటిని తీస్తే బొమ్మలో ఉప్పు బూడిదరంగులో కనిపిస్తుంది. లోపం కెమెరాది కాదు. ఎదుట ఉన్న దృశ్యం నలుపు తెలుపుల మధ్యస్థంగా ఉంటుందని ఊహించి అది కాంతిని కొలుస్తుంది. అందువల్ల అంతా తెల్లగా ఉన్నచోట కాంతిని తగ్గించివేస్తుంది. ప్లస్, మైనస్ గుర్తులు గల మీటను నొక్కి ప్లస్ ఒకటికి మారిస్తే సెన్సర్‌కు చేరే కాంతి రెట్టింపవుతుంది, ఉప్పు ఉప్పులా కనిపిస్తుంది. నేను ఈ ఒక్క సంగతి నేర్చుకోవడానికి ఒక వేసవి అంతా పట్టింది.

టెక్కలి మండలంలోని తేలినీలాపురంలో ఊరి చెట్లపైనే గూడబాతులు, రంగుకొంగలు గూళ్లు కట్టుకుంటాయి. చిన్న కెమెరాతో వెళ్లిన విద్యార్థి అక్కడ నిరాశపడతాడు. ఐదు రెట్ల జూమ్‌తో కొమ్మ మీది పక్షి కన్ను దగ్గరకు రాదు. డిజిటల్ జూమ్ అనేది తీసిన బొమ్మను కత్తిరించి పెద్దది చేయడమే కాబట్టి, దానివల్ల ఒరిగేది లేదు. దగ్గరగా పోయి పక్షులను బెదరగొట్టడం తగదు. అయితే చెట్టు, చెట్టు నిండా పక్షులు, చెట్టు కింద ఇంటి కప్పు, అరుగు మీద కూర్చున్న మనిషి, ఇవన్నీ ఒకే చట్రంలో ఇమిడే బొమ్మను చిన్న కెమెరా చక్కగా తీస్తుంది. ఆ ఊరికీ ఆ పక్షులకూ గల సంబంధాన్ని చూపేది అటువంటి బొమ్మయే. షట్టర్ మీటను సగం నొక్కి, కెమెరా దృష్టి కుదుర్చుకునేదాకా ఆగి, ఆ తరువాత పూర్తిగా నొక్కడం మాత్రం మరువరాదు.

బారువ, భావనపాడు వంటి తీరాలలో ఇసుక శత్రువు. లోపలికీ బయటికీ కదిలే కటకం అంచున ఒక్క రేణువు చేరినా అది బిగుసుకుపోతుంది. తీసిన వెంటనే సంచిలో పెట్టాలి. ఉప్పుగాలి సోకిన కెమెరాను ఇంటికి రాగానే మెత్తని పొడిగుడ్డతో తుడవాలి.

బ్యాటరీ విషయానికి వస్తే, కిరాణా కొట్టులో దొరికే మామూలు సెల్స్‌తో పనిచేసే కెమెరాను నేను కోరి ఎంచుకున్నాను. తిత్లీ తరువాత ఊళ్లలో రోజుల తరబడి విద్యుత్తు లేనప్పుడు అది ఉపకరించింది. నా పొరపాటు కూడా ఆ సౌకర్యంలోనే దాగి ఉంది. సెల్స్ కారి కెమెరా పాడవుతుందని, వాడనప్పుడు వాటిని తీసి ఉంచేవాణ్ణి. అలా కొన్నాళ్లు ఉంచితే లోపలి గడియారం ఆగిపోతుంది. మళ్లీ సెల్స్ వేయగానే తెర మీద 2010 జనవరి 1 కనిపించి, తేదీ సరిచేయమని అడుగుతుంది. ప్రతి దసరాకూ తోటకు పోయే తొందరలో నేను ఆ ప్రశ్నను దాటవేసి బొమ్మలు తీశాను. ఆరేళ్ల బొమ్మలు ఒకే రోజున తీసినవైపోయాయి. మెమరీ కార్డులో ఉన్నవాటిని ఏటా కంప్యూటరులో సంవత్సరం పేరుతో వేరువేరు సంచికలుగా దాచి ఉంటే అప్పుడైనా తెలిసేది. అదీ చేయలేదు.

మేనమామగారు నన్ను మందలించలేదు. కళ్లజోడు పెట్టుకుని, కెమెరా వెనుక ఉన్న చిన్న తెరలో ఒక్కొక్క బొమ్మనే చూస్తూ కూర్చున్నారు. “ఇది బోరు వేయకముందుది. దీనిలో గట్టు మీద పనసచెట్టు ఉంది, ఫైలిన్‌కు పడిపోయినది అదే. దీనిలో ఆవుదూడ ఉంది, దానిని అమ్మింది మీ అత్తయ్యకు కంటి ఆపరేషను అయిన ఏడు” అంటూ ఆరేళ్లనూ వరుసలో పేర్చారు. నేను కాగితం మీద రాసుకుంటూ పోయాను. మూడు బొమ్మల సంగతి ఆయనకూ తేలలేదు. కాపు నిలదొక్కుకున్న సంవత్సరం ఆ మూడింటిలోనే ఉంది.

మరుసటి ఏడు కొత్త మొక్కలు నాటిన రోజున ఆయన నన్ను పిలిపించారు. కెమెరా చేతికి తీసుకోగానే, “ముందు తేదీ చూడు” అన్నారు.