నారాకి ఒక మధ్యాహ్నం చాలదు

సౌమ్యా,

నువ్వు పంపిన జపాన్ ప్రోగ్రాం చూశాను. క్యోటోకి ఐదు రోజులు, నారాకి ఒక మధ్యాహ్నం! క్యోటో నుంచి రైలెక్కితే ముప్పావుగంట ప్రయాణమే కాబట్టి జింకలకి బిస్కెట్లు పెట్టి, పెద్ద బుద్ధుణ్ని చూసి, చీకటిపడేలోగా వెనక్కి వచ్చేయొచ్చని నీ లెక్క. వచ్చేవాళ్లలో చాలామంది లెక్కా అదే. అందుకే మిట్టమధ్యాహ్నం ఆ బుద్ధుడున్న తోదైజీ గుడి దారి తిరునాళ్లలా ఉంటుంది. క్యోటోలో రెండు రాత్రులు తగ్గించి నారాలో రూమ్ తీసుకో. క్యోటో కంటే ముందు రాజధాని ఇదే. 710 నుంచి 784 దాకా, మధ్యలో కొన్నేళ్లు తప్పిస్తే, రాజులు ఇక్కడే ఉన్నారు.

తోదైజీకి పొద్దున్నే వెళ్లు. నవంబరులో మహాబుద్ధుడి మందిరం ఎనిమిదికి తెరుస్తారు. కాస్త ముందే బయల్దేరితే దారిలో దక్షిణ మహాద్వారం దగ్గర నిలబడ్డానికి తీరిక ఉంటుంది. అటూ ఇటూ ఇద్దరు ద్వారపాలకులు, ఒక్కొక్కరు ఎనిమిది మీటర్లకు పైనే. ఉన్కేయ్, కైకేయ్ అనే శిల్పులు తమ బృందాలతో 1203లో డెబ్బై రోజుల లోపే చెక్కేశారు. జనం వీళ్ల పక్కనుంచే లోపలికి పరుగెత్తుతారు. నువ్వు ఆగు.

లోపలున్నది వైరోచన బుద్ధుడు. ఎత్తు సుమారు 15 మీటర్లు. మందిరం 1180లో ఒకసారి, 1567లో మరోసారి తగలబడింది. ఇప్పుడున్నది 1709లో పూర్తయింది. మునుపటి వెడల్పులో మూడో వంతు తగ్గించి కట్టినా ఇంత ఉంది! విగ్రహానికీ చాలా మరమ్మతులు జరిగాయి. తల పదిహేడో శతాబ్దానిది, తామర పీఠంలో కొన్ని రేకులు మాత్రం మొదటినాటివి. ఆ రేకుల మీద గీసిన బొమ్మలు చూడకుండా వెనక్కి తిరగకు.

752లో ఈ బుద్ధుడికి కళ్లు దిద్దింది మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు. మన గుళ్లలో ప్రతిష్ఠప్పుడు చేసే నేత్రోన్మీలనం లాంటిదే. ఆయన పట్టుకున్న కుంచెకి పొడవాటి తాళ్లు కట్టి, సభలోని వాళ్లు వాటిని పట్టుకున్నారట. ఆ కుంచె ఇప్పటికీ శోసోయిన్ భాండాగారంలో ఉంది. ఇంకో సంగతి. తోదైజీ వాళ్లకి ప్రధాన గ్రంథం అవతంసక సూత్రం. అందులో సుధనుడనే కుర్రాడు గురువు తర్వాత గురువును వెతుక్కుంటూ ఊళ్లు తిరుగుతాడు. అతని ఊరు ధన్యాకరం. అది మన ధాన్యకటకమే, అంటే అమరావతే, అని కొందరు పండితుల అభిప్రాయం. రుజువైన విషయమని చెప్పను గానీ, అమరావతి పక్కన పుట్టినదానివి, తెలుసుకుని వెళ్లడం మంచిది.

నువ్వు వెళ్లేది నవంబరు మొదటివారం కాబట్టి నారా జాతీయ మ్యూజియంలో శోసోయిన్ వస్తువుల ప్రదర్శన ఉంటుంది. ఎనిమిదో శతాబ్దపు రాజుగారి వస్తువులు, ఏటా కొన్నే బయటికి తీస్తారు. అక్కడికి వెళ్లాక టికెట్ దొరుకుతుందనుకోకు, ముందే కొనుక్కో. దగ్గర్లోనే కొఫుకుజీ. దాని ఐదంతస్తుల గోపురాన్ని మరమ్మతుల కోసం కప్పేశారు, ఫొటో రాదని బాధపడకు. ఆ గుడి మ్యూజియంలో ఉన్న అసురుడి విగ్రహమే ముఖ్యం. మూడు ముఖాలు, ఆరు చేతులు, ముఖంలో మాత్రం పసితనం. సాయంత్రం తోదైజీలోని నిగత్సుదో మందిరం వసారా మీదికి ఎక్కు. గేటు, టికెట్ ఏమీ లేవు, ఊరంతా కనబడుతుంది.

రెండో రోజు మధ్యాహ్నం నిషినోక్యో స్టేషన్‌లో దిగు. యకుషీజీ గుడి ఆ స్టేషన్ పక్కనే. అక్కడి తూర్పు గోపురం 730 నాటిది, బుద్ధపాదాలు చెక్కిన రాయి 753 నాటిది. అమరావతి శిల్పాల్లో బుద్ధుడికి బదులు పాదాలే చూసినదానివి నువ్వు, ఆ రాయి దగ్గర నీకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. అక్కడినుంచి పది నిమిషాలు నడిస్తే తోషోదైజీ. గంజిన్ అనే చైనా భిక్షువు ఐదుసార్లు బయల్దేరి చేరలేకపోయాడు, చూపు పోయింది, ఆరోసారికి జపాన్ చేరి 759లో ఈ గుడి పెట్టాడు. నన్నడిగితే నారా మొత్తంలో మనసు నిలిచే చోటు ఇదే. జనం తక్కువ, చెట్లు ఎక్కువ.

హోర్యూజీ గుడిని మూడో రోజుకి ఉంచుకో. నారా నుంచి ఒసాకా వెళ్లే జేఆర్ లైన్లోనే ఉంది కాబట్టి దారి తప్పినట్టు కాదు. స్టేషన్ నుంచి ఇరవై నిమిషాల నడక. ప్రపంచంలో నిలిచి ఉన్న చెక్క కట్టడాల్లో అతి పాతవి అక్కడే ఉన్నాయి. 1949 జనవరి 26న అక్కడి స్వర్ణమందిరంలో నిప్పంటుకుని, అజంతాతో పోల్చే గోడ చిత్రాలు పాడైపోయాయి. ఆ దెబ్బకే మరుసటేడు సాంస్కృతిక సంపద రక్షణ చట్టం తెచ్చారు. నారాలోని కాసుగా గుడికి వీలుంటే వెళ్లు, లేకపోతే లేదు. అక్కడ జరిగే దీపాల పండుగ నీ తేదీల్లో లేదు.

ఇక జింకలు. తల వంచి అడుగుతాయని ముచ్చటపడతారు గానీ శరదృతువులో మగవాటికి పొగరెక్కువ, దూరంగా ఉండు. చేతిలో కాగితం ఉంటే మ్యాప్ అయినా టికెట్ అయినా లాక్కుని నమిలేస్తాయి.

తిండి విషయంలో నీ శాకాహారానికి అసలు పరీక్ష నూడుల్స్ రసమే. మాంసం ముక్క కనబడకపోయినా ఎండు చేపతో కాచినదై ఉంటుంది. గుళ్ల దగ్గర శోజిన్ అనే శాకాహార భోజనం దొరికేచోట ముందుగా చెప్పి పెట్టుకో. నారా ఊరగాయని సారా మడ్డిలో ఊరేస్తారు, అదీ తెలుసుకో. మీ పెద్దమ్మ పొడులు కడుతోంది. పచ్చి కరివేపాకు మాత్రం వద్దన్నాను, వాళ్ల విమానాశ్రయంలో వదలరు. విప్పడానికి తేలికైన చెప్పులు, చిరుగుల్లేని మేజోళ్లు వేసుకో. చిల్లర యెన్‌లు దగ్గర పెట్టుకో.

క్యోటో రూమ్ ఎప్పటిదాకా రద్దు చేసుకోవచ్చో ఇవాళే చూసి నాకు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
పెదనాన్న