బరువులెత్తే కొత్తలో తుంటి, కాళ్ల నొప్పులు: అర్ధశక్తి పాఠం

ఉత్తరాంధ్రకు బరువులతో పాత చుట్టరికం ఉంది. 1882లో వీరఘట్టంలో జన్మించిన కోడి రామమూర్తి నాయుడు గారు విజయనగరంలో మల్లవిద్య అభ్యసించి, మద్రాసు సైదాపేటలో వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొంది, తిరిగివచ్చి విజయనగరంలో బాలురకు వ్యాయామం నేర్పిన తరువాతనే రొమ్ముపై ఏనుగును నిలిపిన మల్లునిగా దేశమంతటా ఖ్యాతి గడించారు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి చిన్నతనంలోనే నీలంశెట్టి అప్పన్న గారి వద్ద బారు పట్టి, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 110, 130 వెరసి 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలుచుకున్నారు. నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ నుంచి వెళ్లిన మత్స సంతోషికి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో రజతం లభించింది.

ఈ పేర్లు వింటూ పెరిగిన పిల్లలు బరువుల వైపు మొగ్గడం సహజం. క్రీడల కోటాలో ఒక ఉద్యోగం వస్తే ఇల్లు నిలబడుతుందన్న ఆశ కూడా దానికి తోడవుతుంది. ఆ ఆశ కారణంగానే తుంటిలో సలుపు మొదలైనా పిల్లలు చెప్పరు. చెబితే మాన్పిస్తారని భయం. మరికొన్ని ఇండ్లలో దీనికి విరుద్ధంగా, మొదటి వారంలో తొడలు పట్టేసి అమ్మాయి మెట్లు దిగలేకపోతే చాలు, పెద్దలు బెదిరి సాధనకు స్వస్తి చెప్పిస్తారు. దాచిన నొప్పి ముదురుతుంది. బెదురు మంచి అలవాటును మొదట్లోనే తుంచివేస్తుంది. కనుక ఏ నొప్పి ఓర్చుకోదగినది, ఏది ఓర్చుకోకూడనిది అన్న వివేచన ఎత్తేవారితో పాటు ఇంటివారికి కూడా కావాలి.

అర్ధశక్తి అంటే ఎంత?

బలవంతులు, స్నిగ్ధమైన ఆహారం తీసుకునేవారు సైతం తమ శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలని, అది కూడా శీతకాల వసంతాలలోనే అని, తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో విధించాడు. నుదుట, ముక్కుపై, చంకలలో, కీళ్ల వద్ద చెమట పట్టడం, నోరు ఎండడం, శ్వాస నోటి గుండా ఆడడం సగం శక్తి ఖర్చయినదనడానికి గుర్తులుగా ప్రాచీనులు చెప్పారు. మన తీరప్రాంతంలో వేసవి ఉక్కకు ఊరకే కూర్చున్నా చెమట పడుతుంది కాబట్టి చెమట ఒక్కదానినే కొలతగా పెట్టుకోవడం కుదరదు. శ్వాసను చూడాలి.

బరువుల విషయంలో ఈ సూత్రాన్ని నేను ఇలా అన్వయిస్తాను. ఇది గ్రంథంలోని లెక్క కాదు. ఏ బరువును పది పర్యాయాలు ఎత్తగలమో దానిని ఐదారు పర్యాయాలకే దించివేయాలి. పోటీలలో వాడే ఉత్త బారే పురుషులకు 20, స్త్రీలకు 15 కిలోలు ఉంటుంది. అంతకు ముందు కొన్ని రోజులు వెదురు కర్రతో భంగిమ నేర్చుకోవడం నామోషీ కాదు. భంగిమ కుదిరిన తరువాత చిన్న బిళ్లలు వేసి, పెంచినప్పుడల్లా మొత్తం 2.5 కిలోలకు మించకుండా పెంచితే కండరంతో పాటు కండర బంధనాలకూ బలపడే వ్యవధి దొరుకుతుంది. కండరం వారాలలో బలపడుతుంది. ఎముకకు అంటుకొని ఉండే స్నాయువుకు నెలలు పడుతుంది. కొత్తవారి నొప్పులలో చాలా భాగం ఈ తేడాను లెక్కచేయకపోవడం వల్లనే పుడుతున్నాయి. సిడ్నీలో మల్లీశ్వరి చివరి ప్రయత్నంలో 130 నుంచి ఒక్కసారిగా 137.5 కిలోలకు వెళ్లారు. ఆ బరువు నిలవలేదు. స్వర్ణం అందేంత దూరంలో ఉన్న పోటీనాడు చేయదగిన సాహసమది, సాధన మొదలుపెట్టిన మొదటి నెలలో కాదు.

నడుము కాదు, తుంటి వంగాలి

నీళ్ల బిందెను నెత్తిన పెట్టుకున్న స్త్రీ మైలు దూరం నడుస్తుంది. అదే బిందెను చేతులు చాచి ముందుకు పట్టుకోమంటే నిమిషం నిలువలేదు. నెత్తిమీది బరువు వెన్నెముక గుండా నిట్టనిలువుగా దిగుతుంది. ముందుకు పోయిన బరువు తరాజులో ఒక కొసన వేలాడినట్లవుతుంది. వెన్నెముకకు 40 సెంటీమీటర్ల ముందు 20 కిలోల బారు ఉన్నదనుకోండి. దానిని నిలిపే వెన్ను కండరం వెన్నెముకకు ఇంచుమించు 5 సెంటీమీటర్ల వెనుక నుంచి లాగాలి. అంటే ఎనిమిది రెట్లు, 160 కిలోల బిగువు. ఇందులో ఒంటి పైభాగపు బరువును ఇంకా కలపలేదు. బారును కాళ్లకు రాసుకుంటూ పైకి తేవాలని గురువులు పదేపదే చెప్పడం ఇందుకే.

దీనిని ఇంటిలోనే అభ్యసించవచ్చు. గోడకు వీపు పెట్టి, ఒక అడుగు ముందుకు జరిగి నిలబడండి. మోకాళ్లను కొద్దిగా సడలించి, పిరుదులను వెనక్కి నెట్టి గోడను తాకండి. ఒక కర్రను వీపున నిలువుగా పట్టుకుంటే అది తల వెనుకభాగాన్ని, వీపు నడుమను, త్రికాన్ని మూడుచోట్లా తాకుతూనే ఉండాలి. ఎక్కడైనా కర్ర ఎడమైతే నడుము వంగినదని అర్థం. రోజూ ఇరవై సార్లు, పదిహేను రోజులు చేస్తే తుంటి నుంచి వంగడం అలవాటవుతుంది. బియ్యం బస్తా జరిపే గృహిణికి సైతం ఇది పనికివచ్చే పాఠమే.

నొప్పిని గుర్తుపట్టడం

బరువెత్తిన మరునాడు మొదలై, రెండవ రోజున హెచ్చి, మూడు నాలుగు రోజులలో తగ్గిపోయే పట్టు, రెండు తొడలలోను పిరుదులలోను సమానంగా ఉండి, నొక్కితే తెలిసి, నాలుగడుగులు నడిస్తే సడలేది శ్రమనొప్పి మాత్రమే. దీనికి భయపడనక్కరలేదు. అయితే నొప్పులు విపరీతమై మూత్రం టీ డికాక్షను రంగులో వస్తే అది కండరం చితికి మూత్రపిండాలపై భారం పడుతున్న సూచన. తక్షణం ఆసుపత్రికి పోవాలి.

గుంజిలు తీసే భంగిమలో బాగా కిందికి దిగినప్పుడు గజ్జలో గిల్లినట్లుండే నొప్పి వేరు. పాదాలను కొంచెం ఎడంగా ఉంచి, వేళ్లను కాస్త బయటికి తిప్పి, గిల్లుడు తెలియని లోతు వరకే దిగి చూడాలి. ఒకరి తుంటిగిన్నె లోతు మరొకరికి ఉండదు. పక్కవాడు నేలదాకా దిగాడని మనమూ దిగాలన్న నియమం లేదు. రెండు మూడు వారాలకూ తగ్గకపోతే ఎముకల వైద్యునికి చూపాలి.

పిరుదులో మొదలై, ఒక కాలి వెనుక భాగం వెంబడి మోకాలు దాటి పాదం వరకు పాకే నొప్పి, తిమ్మిరి, పోట్లు ఉంటే అది గృధ్రసి. రోగి నడక గ్రద్ద నడకను పోలి ఉంటుంది గనుక ఆ పేరు వచ్చిందంటారు. దగ్గినా, తుమ్మినా, చాలాసేపు కూర్చున్నా హెచ్చుతుంది. ఇందులో బరువులు వెంటనే ఆపాలి గాని మంచం పట్టకూడదు. ఒకటి రెండు రోజుల విశ్రాంతి తరువాత నెమ్మదిగా నడవడమే మేలు. చాలామందికి కొన్ని వారాలలోనే నెమ్మదిస్తుంది. పాదం పైకి లేవకుండా జారిపోతున్నా, మలమూత్ర ద్వారాల పరిసరాలలో స్పర్శ తెలియకపోయినా, మూత్రం బిగిసినా, అదుపు తప్పినా ఆ పూటే శస్త్రవైద్యులున్న పెద్దాసుపత్రికి చేర్చాలి. నూనెలు, కాపడాలు ఇక్కడ పనిచేయవు.

ఎదిగే వయసు పిల్లల గురించి ఒక హెచ్చరిక. పది నుంచి పదహారేళ్ల లోపువారు కుంటుతూ తొడలోనో మోకాలిలోనో నొప్పి అంటే మోకాలిని మాత్రమే చూసి ఊరుకోరాదు. తుంటి ఎముక తల తన స్థానం నుంచి జారినా నొప్పి మోకాలి వద్దనే తెలుస్తుంది. ఎక్స్‌రే తీయించేవరకు ఆ కాలిపై బరువు మోపనీయకండి.

ఇంటి చికిత్స

శ్రమనొప్పికి నువ్వులనూనె చాలు. గోరువెచ్చగా కాచి, పావుగంటసేపు తొడలకు, పిరుదులకు, పిక్కలకు మృదువుగా మర్దించి, వేన్నీళ్ల స్నానం చేయాలి. వావిలాకు వేసి మరిగించిన నీటిలో గుడ్డ ముంచి పిండి కాపడం పెడితే పట్టు సడలుతుంది. వావిలి మన పొలంగట్లపై దొరికేదే. ఆముదపు ఆకుకు ఆముదం రాసి, సెగ చూపి, నడుముకు కట్టే పద్ధతి మన ఇండ్లలో ఉన్నదే. చర్మం కాలకుండా చూసుకుంటే హాయినిస్తుంది. ఆముదాన్ని లోపలికి పుచ్చుకోవడం మాత్రం వైద్యుని సలహాతోనే. గర్భిణులు అసలే వద్దు. గుగ్గులు కలిసిన మాత్రలను కూడా అంగడిలో దొరుకుతాయి గదా అని సొంతంగా వాడకూడదు.

బెణికి వాచిన చోట మొదటి రెండు రోజులు మర్దనం, వేడి రెండూ పనికిరావు. చల్లని తడిగుడ్డ వేయాలి. నరం ఎక్కిందని కాలు గుంజి, నడుము విరిచే వారి చేతికి అప్పగించడం అన్నిటికన్నా ప్రమాదం.

స్నిగ్ధమైన ఆహారం తినేవారికే వ్యాయామమన్నాడు వాగ్భటుడు. అందుకని నెయ్యి ఒక్కటే పోసుకోనక్కరలేదు. చోడి అంబలి, ఉడికించిన ఉలవలు, నువ్వుండలు, పాలు, తినేవారికి గుడ్డు, చేప చాలు. వేసవిలో సాధనకు ముందూ తరువాతా ఉప్పు వేసిన పలుచని మజ్జిగ తాగాలి.

నొప్పి పూర్తిగా తగ్గిన తరువాత మళ్లీ మొదలుపెట్టేవారు ఆపిన చోటి నుంచి కాక, అందులో సగం బరువుతో ఆరంభించాలి. గోడ పరీక్ష, కర్ర పరీక్ష నొప్పి లేకుండా చేయగలిగిన రోజునే బారు వద్దకు వెళ్లాలి. మరునాటి ఉదయం తుంటి మామూలుగా ఉంటే తరువాతి సాధనలో 2.5 కిలోలు కలుపుకోవచ్చు. సలుపు తెలిస్తే ఆ వారమంతా పాత బరువే.